పాత ఆప్టిప్లెక్స్ కొన్న మేనల్లుడికి

సికింద్రాబాద్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కొన్న డెల్ ఆప్టిప్లెక్స్ 9020 ఫోటోలు చూశాను. చిన్న పెట్టె రకం, ఐ5-4570 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఆఫీసుల్లో పొద్దస్తమానం ఆన్‌లో ఉంచడానికి చేసిన యంత్రం కాబట్టి గట్టిది, నీ చదువుకు ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది. ఒక వీడియోలో చూసి దాన్ని ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన హద్దు దాటించి, 4.5 గిగాహెర్ట్జ్‌కు చేర్చాలని రాశావు. ఆ కోరికను నేను తప్పుపట్టను. నీ వయసులో కాకపోయినా, 1999లో నాకూ అదే ధ్యాస. సెలెరాన్ 300ఏ ప్రాసెసర్‌కు బోర్డు ఇచ్చే మూల వేగాన్ని 66 మెగాహెర్ట్జ్ నుంచి 100కు మారిస్తే, నాలుగున్నర రెట్ల లెక్కన 300 కాస్తా 450 అయ్యేది. మొదటిసారి తెర మీద ఆ అంకె కనిపించిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నీ పెట్టెలో మాత్రం ఆ దారి లేదు. 4570 వేగం కూడా అలాంటి లెక్కే: 100 మెగాహెర్ట్జ్ మూల గడియారం, దాని మీద ఒక గుణకం. ఆ గుణకానికి ఇంటెల్ తాళం వేసింది. తాళం లేని ప్రాసెసర్ల పేరు చివర ‘కే’ అక్షరం ఉంటుంది. పోనీ అది తెచ్చి పెడదామన్నా నీ బోర్డు మీద ఉన్నది క్యూ87 చిప్‌సెట్, అంటే ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్పు. ఆ తరంలో ఓవర్‌క్లాకింగ్‌ను ఇంటెల్ జడ్87 వంటి వాటికే ఇచ్చింది. నీ బయాస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రాములో, గుణకం మార్చే గడే కనిపించదు. మూల గడియారాన్ని కదిపితే మిగతా భాగాల లయ కూడా చెడుతుంది. వీడియోలో అతను చేసింది నిజమే కావచ్చు, కానీ అతని బోర్డు వేరు. బయాస్‌ను తెరిచి మార్చే ఫైళ్లు ఎవరైనా పంపితే ముట్టుకోకు.

ఇప్పుడు అసలు సంగతి. కంప్యూటర్ నెమ్మదిగా ఉందంటే అది ఎక్కడ ఆగుతోందో ముందు చూడాలి. నా కంప్యూటర్ రిపేరు దుకాణానికి వచ్చే పదిమందిలో ఎక్కువమంది ఆ పని చేయకుండానే డబ్బు తీస్తారు. విండోస్‌లో ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి పక్కన ఉంచుకుని, నువ్వు రోజూ చేసే పనే చెయ్యి. బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరువు, నీ ప్రోగ్రాము నడుపు. ప్రాసెసర్ 20, 30 శాతం దగ్గరే ఉండి డిస్క్ 100 దగ్గర అంటుకుపోతే ప్రాసెసర్ తప్పేమీ లేనట్టే. హార్డ్ డిస్క్‌లో సూది అటూ ఇటూ తిరిగి ఒక్కొక్క ముక్క వెతకాలి. చెదిరి ఉన్న చిన్న ఫైళ్లయితే సెకనుకు వంద వెతికితే గొప్ప. ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని చిప్పుల డిస్క్, అలాంటివి వేలకొద్దీ తెస్తుంది. 3.2 గిగాహెర్ట్జ్‌ను 4.5 చేసినా తీరని నెమ్మది హార్డ్ డిస్క్ తీగకే తగిలే ఒక్క మామూలు సాటా ఎస్ఎస్‌డీతో తీరుతుంది. ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం తీసుకోకు, ఈ బోర్డు మీద దానికి తగిన స్లాటు లేదు.

ఏదైనా కొనే ముందు పెట్టెను శుభ్రం చెయ్యి. ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి, ఇనుప చట్రాన్ని ఒకసారి తాకి మూత తియ్యి. ఫ్యాను వెనక, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము దూదిపరుపులా పట్టి ఉంటుంది. బ్రష్షుతోనో బ్లోయర్‌తోనో తియ్యి. బ్లోయర్ అయితే ఫ్యాను రెక్కను వేలితో పట్టుకో, లేకపోతే విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్ స్క్రూలను ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా వదులు చేసి, మెల్లగా మెలితిప్పి ఎత్తు. ఒక్కసారిగా లాగకు. వేడిని హీట్‌సింక్‌కు చేర్చడానికి ప్రాసెసర్ మీద పూసిన పేస్టు ఇన్నేళ్లకు ఎండి సున్నంలా పెచ్చులుగా రాలుతుంది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త పేస్టు నడిమధ్యన కందిగింజంత పెడితే చాలు. ఆ తరం ప్రాసెసర్లు 100 డిగ్రీలు తాకితే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మీ భీమవరం ఎండల్లో, గాలి ఆడని గదిలో, దుమ్ము పట్టిన హీట్‌సింక్‌తో అది ఎంత సులువుగా జరుగుతుందో ఆలోచించు. 4570కి కంపెనీ ఇచ్చిన పై వేగం 3.6 గిగాహెర్ట్జ్ ఎలాగూ ఉంది. అది తగ్గకుండా కాపాడుకోవడమే నీ ఓవర్‌క్లాకింగ్ అనుకో.

తర్వాత ర్యామ్. 8 జీబీవి రెండు తీసుకుని ఒకే రంగు స్లాట్లలో జతగా పెట్టు. నీ బోర్డుకు కావలసింది డీడీఆర్3 రకం, కానీ అలా రాసి ఉన్నదల్లా నడవదు. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ చవకగా దొరుకుతుంది, ఇందులో పని చేయదు. 16 జీబీ ఒకే ముక్కగా ఉన్నదీ వద్దు. ‘ఏఎండీకి మాత్రమే’ అని చిన్న అక్షరాల్లో ఉన్న 8 జీబీ ముక్కలు మరీ మోసం, ఇంటెల్ బోర్డు వాటిని గుర్తించదు.

గ్రాఫిక్స్ కార్డు గురించి జాగ్రత్తగా చదువు, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే డబ్బుతో ఆగదు. నీ పెట్టెలో పవర్ సప్లై 255 వాట్లది, దాని నుంచి కార్డుకు విడిగా తీగ రాదు. స్లాటు ఇవ్వగలిగింది 75 వాట్లు. అందులో ఇమిడే పొట్టి కార్డు, అంటే సగం ఎత్తు జీటీఎక్స్ 1650 లేదా 1050 టీఐ, అదీ విడి కరెంటు తీగ అడగనిదే కొను. జీటీ 1030 అయితే జీడీడీఆర్5 మెమరీ ఉన్న రకమే. డీడీఆర్4 రకం పేరులో ఒకటే, పనిలో చాలా వెనక. విడి తీగ అడిగే పెద్ద కార్డు కోసం, డిస్క్‌కు కరెంటు ఇచ్చే సాటా తీగను ఆరు పిన్నుల తీగగా మార్చే అడాప్టర్ అంటగడతారు. సాటా ప్లగ్గు 12 వోల్టుల దగ్గర మోయగలిగింది నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు. ఆరు పిన్నుల కార్డు 75 వాట్ల దాకా లాగవచ్చు. ఆ ప్లాస్టిక్ కరగడం నేను చూశాను.

పవర్ సప్లై మార్చేస్తే పోదా అంటావేమో. బజారులో దొరికేదానికి 24 పిన్నులు, నీ బోర్డుకు కావలసింది 8 పిన్నుల సొంత రకం. నా దుకాణం మొదటి రోజుల్లో ఒక పెద్ద కంపెనీ కంప్యూటర్‌కు బజారు పవర్ సప్లై బిగించాను. ప్లగ్గు చక్కగా సరిపోయింది. లోపల తీగల వరుస వేరని చూసుకోలేదు. స్విచ్ వేయగానే టప్‌మని చప్పుడు, సన్నటి పొగ. అది ఒక టైపింగ్ సెంటర్ వాళ్ల జీవనాధారం. ఆ బోర్డు నా డబ్బుతోనే కొని ఇచ్చాను. ఇప్పటికీ ప్లగ్గు పెట్టే ముందు తీగల రంగులు రెండుసార్లు చూస్తాను.

ప్రాసెసర్‌ను ఐ7-4770కి మార్చవచ్చు. అదే సాకెట్, అదే 84 వాట్లు. వీడియో ఎడిటింగ్ లాంటి పని ఉంటే తప్ప ఇప్పుడే వద్దు. బయాస్ అప్‌డేట్ చేయాల్సి వస్తే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకు. మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోతుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11కు అర్హత ఉన్న జాబితాలో నీ ప్రాసెసర్ లేదు. ఎస్ఎస్‌డీ మీద విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకో, నీ కోడింగ్‌కు హాయిగా ఉంటుంది.

ఈ ఆదివారం టాస్క్ మేనేజర్ ఫోటో తీసి పంపు. ర్యామ్ కొనే ముందు దాని మీది స్టిక్కర్ ఫోటో కూడా పంపు, నేను చూసి చెప్పాకే డబ్బు ఇవ్వు. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య