ఎఫ్‌ఎం స్టేషన్ చేతులు మారేటప్పుడు యాడ్ ఏజెన్సీ వాడు చూసుకోవాల్సినవి

చి. రవికి మామయ్య ఆశీస్సులు.

మూడు నెలల ప్రకటనల డబ్బు ముందే కడితే ముప్పై శాతం తగ్గిస్తామని ఒక ఎఫ్‌ఎం స్టేషన్ వాళ్లు అంటున్నారు, ఇంకోపక్క ఆ స్టేషన్ అమ్ముడుపోతోందని చెప్పుకుంటున్నారు, ఏం చెయ్యమంటావు అని రాశావు. స్పాట్లు (రేడియో ప్రకటనలు) కొను, అడ్వాన్స్ కట్టకు. నీ క్లయింట్లు ద్వారకానగర్ బట్టల షాపులు, గాజువాక కోచింగ్ సెంటర్లు, ఆనందపురం వెంచర్ల వాళ్లు. డబ్బు నీ చేతి మీదుగా పోతుంది కాబట్టి, అది స్టేషన్ దగ్గర ఇరుక్కుంటే వాళ్లు నీ గుమ్మం ముందే కూర్చుంటారు.

ముందు అసలు ఏం మారుతోందో తేల్చుకో. 'ఓనర్ మారాడట' అంటే అన్నిసార్లూ ఒకటే కాదు. మన విశాఖ డయల్ మీదే దీనికి రకరకాల ఉదాహరణలున్నాయి.

91.1 చూడు. రేడియో సిటీని నడిపే మ్యూజిక్ బ్రాడ్‌కాస్ట్ కంపెనీ 2015లో జాగ్రణ్ ప్రకాశన్ చేతికి వెళ్లింది. అక్కడ మారింది షేర్లే. కంపెనీ, లైసెన్సు రెండూ పాతవే. ఇలాంటి అమ్మకంలో నీ ఆర్‌ఓ (రిలీజ్ ఆర్డర్, అంటే ప్రకటన వెయ్యమని నువ్విచ్చే ఆర్డరు) యథాతథంగా చెల్లుతుంది. కొత్త మేనేజరు వచ్చి 'అది పాతవాళ్ల మాట, మాకు సంబంధం లేదు' అంటే ఒప్పుకోవద్దు. 93.5 ఒకప్పుడు ఎస్ ఎఫ్‌ఎం, తర్వాత రెడ్ ఎఫ్‌ఎం అయింది. అది సన్ గ్రూపు గూటిలోనే జరిగిన పేరు మార్పు. కాగితాల మీద ఏ ఇబ్బందీ ఉండదు కానీ, స్టేషన్ పేరు పలికే స్పాన్సర్‌షిప్ ట్యాగులన్నీ మళ్లీ రికార్డు చెయ్యాలి. ఆ స్టూడియో ఖర్చు స్టేషన్‌దేనని ముందే రాయించుకో.

ఇక 92.7. బిగ్ ఎఫ్‌ఎంలో 49 శాతం తీసుకుంటామని 2016లో జీ గ్రూపు ప్రకటించింది, అది జరగలేదు. 2019 మేలో రేడియో సిటీ వాళ్లే 1,050 కోట్ల విలువ కట్టి ముందుకొచ్చారు, 2020లో అదీ రద్దయింది. 2023లో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, 2024లో కంపెనీల ట్రైబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ అనుమతితో సఫైర్ మీడియాకు దక్కింది. అంటే మొదటి ప్రకటనకీ చివరి చేతికీ మధ్య దాదాపు ఎనిమిదేళ్లు. ఏ స్టేషన్‌లోనైనా ఇలాంటి మధ్యకాలంలో కొత్తవాళ్లను తీసుకోరు, మార్కెటింగ్ ఖర్చు ఆపేస్తారు, సేల్స్ వాళ్ల మీద మాత్రం ఆదాయం చూపించమని ఒత్తిడి పెరుగుతుంది. నీకు ముప్పై శాతం ఎందుకు తగ్గిస్తున్నారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇంకో రకం, కంపెనీని కాకుండా స్టేషన్‌నే విడదీసి వేరే కంపెనీకి అమ్మడం. దీనికి కేంద్ర సమాచార ప్రసార శాఖ అనుమతి తప్పనిసరి, అది వస్తుందన్న హామీ లేదు. టీవీ టుడే తన ఏడు ఓయ్ ఎఫ్‌ఎం స్టేషన్లను మిర్చి వాళ్లకి అమ్మజూపితే మూడు మెట్రోలకు అనుమతి రాలేదు. అమృత్‌సర్, జోధ్‌పూర్, పటియాలా, సిమ్లా మాత్రమే చేతులు మారాయి. ఈ రకంలో నీకు బిల్లు వేసే కంపెనీయే మారిపోతుంది. కొత్త కంపెనీ, కొత్త జీఎస్టీ నంబరు. పాత కంపెనీ దగ్గరున్న నీ డబ్బు దానంతటది కొత్త కంపెనీకి వెళ్లదు. ముగ్గురి సంతకాలతో బదిలీ కాగితం కావాలి, లేదంటే పాత కంపెనీ క్రెడిట్ నోట్ (బిల్లు తగ్గించినట్టు ఇచ్చే కాగితం) ఇచ్చి డబ్బు వెనక్కివ్వాలి. క్రెడిట్ నోట్‌లో జీఎస్టీ కూడా తగ్గాలంటే ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు అది రిటర్నులో ఎక్కాలి. ఆలస్యమైతే 18 శాతం గురించి ఇద్దరూ కొట్టుకుంటారు.

వీటిలో ఏదో కనుక్కోవడానికి సేల్స్ కుర్రాణ్ణి అడగకు, పాపం అతనికీ తెలీదు. నీ పాత ఇన్‌వాయిస్ మీదున్న కంపెనీ పేరు రాసుకో (స్టేషన్ పేరు వేరు, కంపెనీ పేరు వేరు). కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైట్‌లో డైరెక్టర్లు, తాకట్టులు చూడు. ఆరునెలల్లో డైరెక్టర్లు ఇద్దరు ముగ్గురు దిగిపోతే అది లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం. కంపెనీ స్టాక్ ఎక్స్చేంజీలో ఉంటే అమ్మకం వార్త ముందు అక్కడే పడుతుంది. దివాలా నోటీసుల కోసం దివాలా బోర్డు (ఐబీబీఐ) సైట్ చూడు. ఇది ముఖ్యం, ఎందుకంటే ఆ నోటీసు ప్రధానంగా కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ఊరి పేపర్లలో వేస్తారు. ఆఫీసు ముంబైలో ఉంటే అక్కడి మరాఠీ పేపర్లో వస్తుంది. విశాఖలో పొద్దున్నే నాలుగు తెలుగు పేపర్లు తిరగేసినా నీకు కనపడకపోవచ్చు.

దివాలా సంగతి కొంచెం వివరంగా చెప్తాను, చిన్న ఏజెన్సీలు మునిగేది అక్కడే. సరుకులు, సేవల కోసం అడ్వాన్స్ కట్టినవాడు కూడా ఆపరేషనల్ క్రెడిటరే (వ్యాపార లావాదేవీల్లో బాకీ రావాల్సినవాడే) అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఫారం బీలో క్లెయిమ్ వేసే హక్కు నీకుంది. నోటీసులో ఇచ్చే గడువు సుమారు 14 రోజులు. దాటిపోతే ప్రక్రియ మొదలైన నాటి నుంచి కనీసం 90 రోజుల దాకా దారి ఉంటుంది, కారణం రాయాలి. ఆర్‌ఓ, ఇన్‌వాయిస్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఎన్ని స్పాట్లు పడ్డాయో ఎన్ని పడలేదో లెక్క జతచెయ్యాలి. క్లెయిమ్ వెయ్యకుండా ఊరుకుంటే, కంపెనీని కొత్త ఓనరుకు అప్పగించే ప్లాన్ ఆమోదం పొందిన రోజున నీ బాకీ చట్టప్రకారం ఆరిపోతుంది. కొత్త ఓనరును అడిగే హక్కు ఉండదు. ఇదీ సుప్రీంకోర్టు 2021లో తేల్చిన మాటే. క్లెయిమ్ వేసినా బ్యాంకుల తర్వాతే నీ వంతు, రూపాయికి పైసలు వచ్చినా గొప్పే. అందుకే అడ్వాన్స్ వద్దంటున్నాను.

'నేనూ వాళ్లకు పాత బిల్లు బాకీ ఉన్నాను, అందులో కొట్టేసుకుంటాను' అనుకోకు. ప్రక్రియ మొదలయ్యాక అలా సర్దుకోవడం కుదరదని 2024 జనవరిలో తీర్పు వచ్చింది. ఒప్పందంలో ముందే రాసుకుని అప్పటికే అమలైన సర్దుబాట్లు, ఒకే లావాదేవీకి ముడిపడ్డ లెక్కలు, అవే మినహాయింపు. కాబట్టి ప్రతి నెలాఖరుకీ లెక్క సరిచేసి, ఇద్దరి మెయిళ్లతో మూసెయ్.

చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. దివాలా నోటీసు వచ్చిందనగానే స్పాట్లు ఆపేస్తారు. నిజానికి రిజల్యూషన్ ప్రొఫెషనల్ (దివాలా కాలంలో కంపెనీని నడిపే అధికారి) వచ్చి కూర్చున్నాక స్టేషన్ నడిపించడమే అతని పని, ఆ కాలంలో అయ్యే ఖర్చులకు అన్నిటికంటే ముందు చెల్లింపు. నోటీసుకు ముందు ఆరునెలలు ప్రమాదం, నోటీసు తర్వాత రేటు బాగుంటుంది, స్పాటూ పడుతుంది. పడ్డాక బిల్లు కడతానను, అంతే.

ఇప్పుడు ఆర్‌ఓ ఎలా రాయాలో చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి పది సెకన్లకు 150 రూపాయలు అనుకో. ముప్పై సెకన్ల స్పాట్ 450. రోజుకు 8, ముప్పై రోజులకు 240 స్పాట్లు, 1,08,000 రూపాయలు. జీఎస్టీ 19,440 కలిపి 1,27,440. టీడీఎస్ 2 శాతం మూలం మొత్తం మీద, అంటే 2,160, జీఎస్టీ మీద కాదు. ఇందులో స్టేషన్ వాడు '120 స్పాట్లు బోనస్, మీకు పది సెకన్లు వంద రూపాయలకే పడింది' అంటాడు. ఆ 120 రాత్రి పదకొండు తర్వాత పడితే ఆ వందకి అర్థం లేదు. బోనస్ కూడా పొద్దున 7 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 9 మధ్య ఎన్ని, మిగతా టైంలో ఎన్ని అని అంకెలతో రాయించు. 'రోజంతా ఎప్పుడైనా' అన్న మాట ఒప్పుకోకు.

డబ్బు పదిహేను రోజులకోసారి, ఆ పక్షం లాగ్ (ఏ స్పాట్ ఎప్పుడు పడిందో స్టేషన్ ఇచ్చే లెక్క) చూశాక. వాళ్లకు నమ్మకం కావాలంటే తేదీలేసిన చెక్కులు ఇవ్వు. లాగ్‌లో తేదీ, సమయం, సెకన్లు, ప్రకటన పేరు ఉండాలి. నమ్మకం లేకపోతే ఆడియో రికార్డింగు అడుగు. ప్రసారమైనదాన్ని మూడు నెలలు దాచాలని లైసెన్సు షరతు ఉంది, కాబట్టి నాలుగో నెలలో పేచీ పెట్టుకుంటే ఆధారం దొరకదు. పడని స్పాట్‌కు బదులు స్పాట్ అదే టైం బ్యాండులో ఏడు రోజుల్లో పడాలి, లేకపోతే బిల్లులో తగ్గాలి. పండగ అయ్యాక ఇచ్చే మేక్‌గుడ్ (బదులు స్పాట్) వరలక్ష్మీవ్రతం చీరలకు దేనికీ పనికిరాదు.

ఆర్జే మెన్షన్లు (షోలో ఆర్జే తన నోటితో చెప్పే ప్రకటనలు) కొంటే ఆర్జే పేరు రాయించు. ఆ ఆర్జే వెళ్లిపోతే మిగిలిన మెన్షన్లు రద్దు చేసుకునే హక్కు నీది. యాజమాన్యం మారిన చోట ముందు కదిలేది వాళ్లే. శ్రోతలు ఫ్రీక్వెన్సీకి అలవాటు పడినట్టే కనిపిస్తారు కానీ, పొద్దున షో గొంతు మారితే పక్క స్టేషన్‌కి తిప్పుతారు. సేల్స్ వాళ్ల విషయంలోనూ అంతే. వాట్సాప్‌లో ఇచ్చిన మాట అతనితోపాటే వెళ్లిపోతుంది. కంపెనీ మెయిల్ ఐడీ నుంచి వచ్చిందే లెక్క.

మార్కెట్‌కి అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. ప్రైవేటు ఎఫ్‌ఎం లైసెన్సుల మూడో విడత (ఫేజ్ 3) నిబంధనల ప్రకారం ఒక కంపెనీ ఒకచోట చేసిన ప్రోగ్రామును దేశంలో తన స్టేషన్లన్నిటిలో వేసుకోవచ్చు. కొత్త ఓనరు ఖర్చు తగ్గించాలనుకుంటే ముందు చూసేది దీనివైపే. హైదరాబాద్ షో విశాఖలో వినిపిస్తుంది, ఇక్కడ నలుగురు ఆర్జేలు ఇద్దరవుతారు. చట్టం ఎఫ్‌ఎం వాళ్లను సొంత వార్తలు చెప్పనివ్వదు గానీ ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలు, అడ్మిషన్లు, కరెంటు కోత, తుఫాను హెచ్చరికలు చెప్పనిస్తుంది. లోకల్ క్లయింటుకు బాగా పనికొచ్చే స్పాన్సర్‌షిప్‌లు ఇవే. కోచింగ్ సెంటర్ వాడికి ఫలితాల అప్‌డేట్ పక్కన తన పేరు రావడం కన్నా ఏం కావాలి? షో హైదరాబాద్ నుంచి వస్తే ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్ ఎవరు చెప్తారు? అందుకని ఒప్పందంలో 'ఈ షో విశాఖ స్టూడియో నుంచి లైవ్' అని ఉండాలి. వారాంతంలో నువ్వే ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. ఊరి పేరు గంటలో ఒక్కసారి కూడా రాకపోతే అది ఎక్కడినుంచో వస్తున్నట్టే.

ఒకడే స్టేషన్లన్నీ కొనేసి రేట్లు పెంచుతాడేమోనని భయపడకు. ఒక ఊళ్లో ఒక కంపెనీకి 40 శాతం చానళ్లే, కనీసం ముగ్గురు ఓనర్లు ఉండి తీరాలి. మనకు ప్రైవేటువి నాలుగు: 91.1, 92.7, 93.5, 98.3.  కానీ దేశం మొత్తం మీద ఉన్న 15 శాతం పరిమితిని 2022లో తీసేశారు కాబట్టి నెట్‌వర్క్‌లు పెద్దవవుతాయి. అప్పుడు నీకు వచ్చేది ప్యాకేజీ: విశాఖ, రాజమండ్రి, తిరుపతి కలిపి చవకగా. గాజువాక షాపు వాడికి తిరుపతి చెవులెందుకు? ఊరు ఊరికీ విడి రేటు అడిగి, విశాఖ ఒక్కదానితో పోల్చు.

వినేవాళ్ల లెక్క అడిగితే వాళ్లు చూపించే స్లైడ్ మీద ఆధారపడకు. రేడియో వినికిడి కొలిచే ర్యామ్ ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరుల్లోనే పెట్టారు. మన ఊళ్లో కొలత నువ్వే చెయ్యాలి. స్టేషన్‌కో ఫోన్ నంబరు, లేదా కౌంటర్‌లో చెప్పే వేర్వేరు కోడ్ పెట్టు. యాజమాన్యం మారకముందు నాలుగు వారాలు, మారాక నాలుగు వారాలు కాల్స్ లెక్కపెట్టు. ఆ రెండు కాలాల్లో పండగ ఒకదానికే తగలకుండా చూసుకో. ఆషాఢం సేల్ ఉన్న నెలని, మామూలు నెలతో పోల్చి స్టేషన్‌ని తిట్టేవాళ్లు చాలామంది.

ఇంకో రెండు తేదీలు గుర్తుంచుకో. పాత స్టేషన్లు ఫేజ్ 3లోకి మారినప్పుడు వాటికి 2015 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు ఇచ్చారు, అవి 2030 మార్చితో ముగుస్తాయి. ఇప్పుడు కొనేవాడు ఆ మిగిలిన కాలంలో పెట్టుబడి రాబట్టాలని చూస్తాడు, స్టూడియో మీద ఖర్చు పెట్టడు. రెండోది, 2024 ఆగస్టులో 234 కొత్త పట్టణాలకు 730 చానళ్లు ఆమోదించారు. అందులో శ్రీకాకుళం, విజయనగరం, కాకినాడ ఉన్నాయి. అక్కడ సొంత స్టేషన్లు మొదలైతే, 'మా సిగ్నల్ విజయనగరం దాకా' అని నీకు ఇప్పుడు అమ్ముతున్న మాట విలువ పడిపోతుంది. ఏడాదికి మించి రేటు ఒప్పందం చేసుకోవద్దనేది అందుకే.

రేపు వాళ్లకి ఇలా రాయి: మూడు నెలలకు బదులు ఆరు వారాలు, ముప్పై శాతానికి బదులు పదిహేను చాలు, చెల్లింపు పక్షానికోసారి లాగ్ మీద, బోనస్‌లో సగం ప్రైమ్ టైంలో, కంపెనీ మారితే ఏడు రోజుల నోటీసుతో రద్దు. ఒప్పుకుంటే సగం బడ్జెట్ అక్కడ పెట్టు. ఒప్పుకోకపోతే ఆ సగాన్ని మిగతా స్టేషన్లలో ఒకదానికీ, ఆకాశవాణి రెయిన్‌బో 102కీ పంచు. ఆకాశవాణికి మెటీరియల్ ముందుగా ఇవ్వాలి, వాళ్ల పరిశీలనకు టైం పడుతుంది. కాబట్టి జింగిల్ ఈ వారమే రెడీ చేయించు.

మీ మామయ్య