వజైనోప్లాస్టీకి ముందు నర్సు నేర్పే పాఠానికి వెళ్లాలా?

మీ వజైనోప్లాస్టీకి, అంటే యోనిని ఏర్పరిచే ఆపరేషన్‌కు, తేదీ ఖరారైందని, సర్జన్ గారు అన్నీ వివరించారని, అలాంటప్పుడు నర్సు చెప్పే పాఠం కోసమే రాయగడ నుంచి విశాఖపట్నం మరోసారి వెళ్లాలా అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. ఆపరేషన్ తరువాత మిమ్మల్ని చూసుకోబోయే మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి. నేను బరంపురంలో పుట్టి పెరిగి, ఇదే ఆపరేషన్ చేయించుకున్న ట్రాన్స్ మహిళను.

ఆపరేషన్ బల్ల మీద జరిగేది సర్జన్ గారి పని. ఆ తరువాతి నెలల పని మాత్రం మన చేతుల మీదుగానే సాగాలి. కొత్త యోని లోపల పెట్టిన ప్యాకింగ్‌ను, అంటే గుడ్డ లాంటి కట్టును, సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల్లో తీస్తారు. అప్పటి నుంచి డైలేషన్‌ను, అంటే యోని మూసుకుపోకుండా డైలేటర్ అనే గొట్టంలాంటి సాధనాన్ని లోపల పెట్టుకోవడాన్ని, మొదట్లో రోజుకు పలుమార్లు, తరువాత సర్జన్ చెప్పిన ప్రకారం తగ్గించుకుంటూ, ఏళ్ల తరబడి చేసుకోవాలి. మానేస్తే యోని ఇరుకైపోతుంది, పోయిన లోతు తిరిగి రావడం చాలా కష్టం. నాకు నేర్పిన నర్సు గారు డైలేటర్లను బల్ల మీద వరుసగా పరిచి, అన్నిటికంటే సన్నదాన్ని నా చేతికిచ్చి, దాని మీది చుక్కలు లోతును ఎలా చూపుతాయో, నీటితో చేసిన జెల్ ఎంత రాసుకోవాలో, ఏ వైపు వంచి మొదలుపెట్టాలో చూపించారు. "అర్థమైందా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. "ఇదంతా మీ అక్కకు ఎలా చెబుతారో నాకు చెప్పండి" అన్నారు, నేను తడబడిన చోటు నుంచి ఓపికగా మళ్లీ చెప్పారు. నొప్పితో, మందుల మగతతో మంచం మీద ఉన్నప్పుడు కొత్త విషయం తలకెక్కదు కాబట్టి, ఈ అభ్యాసం ముందే జరగాలని నేను గట్టిగా నమ్ముతాను.

మన వైపు హిజ్రా గురువుల ఇళ్లలో నిర్వాణం, అంటే పురుషాంగాన్ని తొలగించుకోవడం, తరువాత నలభై రోజులు అద్దం చూడకూడదనే కట్టుబాటు ఉంది, మా గురువమ్మ కూడా దాన్ని పాటించమన్నారు. కానీ కుట్లు చూసుకోవడానికీ, డైలేషన్ నేర్చుకునే తొలి రోజులకూ చేతి అద్దం కావాలి. నర్సు గారు ఆచారాన్ని ఒక్క మాట కూడా తక్కువ చేయకుండా గురువమ్మతో ఫోన్‌లో మాట్లాడారు. ముఖం చూసుకోకుండా గాయాన్ని మాత్రమే చిన్న అద్దంలో చూసుకోవచ్చని చివరికి గురువమ్మే అన్నారు. మీకూ ఇలాంటి కట్టుబాటు ఉంటే దాచకుండా అక్కడ చెప్పండి.

పొగాకు సంగతి కూడా అంతే. గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకోవడాన్నీ, ఖైనీనీ మనవాళ్లు పొగాకు లెక్కలో వేయరు. కానీ నికోటిన్ ఏ రూపంలో ఒంట్లోకి వెళ్లినా రక్తనాళాలను కుదించి గాయం మానకుండా చేస్తుంది. ఎన్ని వారాల ముందు మానాలో, హార్మోన్ల విషయంలో ఏం చేయాలో సర్జన్ గారినీ నర్సు గారినీ అడగండి, హార్మోన్లను సొంతంగా ఆపవద్దు. ఆపరేషన్ చేసే చోటి వెంట్రుకలను తొలగించుకోవాలేమో కూడా అడగండి, ఎందుకంటే దానికి నెలలు పడుతుంది.

మా అక్క ఒడియా మీడియంలో చదివింది, తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. అందువల్ల ఆసుపత్రి ఇచ్చిన తెలుగు కాగితం ఆమెకు ఉపయోగపడలేదు. నర్సు గారి అనుమతితో ఆ మాటలను ఫోన్‌లో రికార్డు చేసుకుంది. జ్వరం, చీము, పిక్క వాపు, ఆయాసం, మూత్రం రాకపోవడం, యోని గుండా మలం రావడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా వైద్యులను చూడాలన్న భాగాన్ని ఆమె పదేపదే వినేది. రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయించుకోండి.

ఇదేదో ఆసుపత్రి దయతో చేసే పని అని మొహమాటపడవద్దు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణకు 2019లో వచ్చిన చట్టం, తన 15వ సెక్షన్‌లో, శస్త్రచికిత్సకు ముందూ తరువాతా కౌన్సెలింగ్ అందేలా చూడవలసిన బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. ప్రయాణం నిజంగా కుదరకపోతే వీడియో కాల్‌లోనైనా నేర్పమని అడగండి, డైలేటర్లు మాత్రం ముందే తెప్పించుకుని, అక్కనో చెల్లెలినో పక్కన కూర్చోబెట్టుకుని ఆ కాల్ మాట్లాడండి.