బొమ్మ కారే కదా అనుకోకు

చిన్నీ,

పేటెంట్ ఎగ్జామినర్‌గా నీ మొదటి ఫైలు బొమ్మ కారు స్టీరింగ్ అని మీ నాన్న చెప్పాడు. సంతోషంతో పాటు కోపమూ వచ్చింది. ఫైలు సంగతి ఇంట్లో చెప్పొచ్చా? ఇంకెవరి దగ్గరా అనకు.

క్లెయిమ్‌ని, అంటే ఇది నా కొత్త ఆలోచన అని దరఖాస్తుదారు రాసుకున్న వాక్యాన్ని, మాటమాటా చదవడం, పోల్చడానికి దరఖాస్తు తేదీకి ముందున్న పాతవే వెతకడం నీకు తెలిసినవే. నా టెన్షన్ వేరు. ఎగ్జామినర్‌గా నేను బోల్తా పడ్డదీ బొమ్మ బండి దగ్గరే.

ఆ బండికి హ్యాండిల్ లేదు. పిల్లవాడు ఎటు ఒరిగితే ముందు చక్రాలు అటు తిరుగుతాయి, రబ్బరు దిమ్మ వాటిని మళ్ళీ తిన్నగా చేస్తుంది. "ఓస్, ఇంతేనా!" అనుకున్నాను. 1863లో ప్లింప్టన్ పేటెంట్ తీసుకున్న రోలర్ స్కేట్ కూడా ఒరిగితే తిరిగేదే. అది దొరికిందన్న గర్వంతో, ఇంకో పాత తొక్కుడు బండి పేటెంట్‌తో దాన్ని కలిపి, ఆబ్వియస్, అంటే ఆ పని తెలిసిన ఎవరికైనా తోచేదే అని దరఖాస్తును తోసిపుచ్చాను.

అప్పీల్లో నా నిర్ణయం కొట్టేశారు. ఒరిగితే పిల్లవాడు పడతాడనీ, అందుకే చక్రాలు ఎడంగా పెట్టామనీ ఆ తొక్కుడు బండి పేటెంట్‌లోనే రాసి ఉంది. నేను అందులో గీసిన పటాలు చూసి, రాత చదవకుండా వదిలేశాను. ఒరగనివ్వొద్దన్న కాగితాన్నే పట్టుకుని, ఒరిగించడం ఎవరికైనా తోస్తుందని రాశానే! క్లెయిమ్ ముందు పెట్టుకుని ముక్కలు ఏరుకున్నాను మరి.

స్కేట్ తేవడం తప్పు కాదు. అదే సమస్య తీర్చేదైతే పక్క రంగం నుంచీ తేవచ్చు. ఆ రెంటినీ అప్పట్లో ఎవరైనా ఎందుకు కలుపుతారన్నది నేను రాయలేదు. ఆబ్వియస్ అవునో కాదో తేల్చాలంటే పాతదాంట్లో ఏముంది, దీనికీ దానికీ తేడా ఏమిటి, ఆ పని తెలిసిన మామూలు మనిషికి ఎంత నేర్పు ఉంటుంది అని చూడమని అమెరికా సుప్రీంకోర్టు 1966లో గ్రాహం కేసులో చెప్పింది. ఆ మనిషి మరమనిషి కాడని 2007లో కేఎస్‌ఆర్ కేసులో అంది. నిజమే, కానీ "కామన్ సెన్స్" అని రాసి ఊరుకుంటే చాలదు, కారణం చూపాలి.

నా కథ విని భయపడి అన్నిటికీ తలూపేవు! మలుపులో లోపలి చక్రం ఎక్కువ, బయటిది తక్కువ పక్కకు తిరిగే ఏర్పాటుకు అకర్‌మన్ 1818లోనే గుర్రపు బళ్ళ కోసం పేటెంట్ తీసుకున్నాడు. దాన్నే చిన్నది చేసి బొమ్మకు తగిలించి, ఎవరైనా కొత్తదంటే తోసిపుచ్చడానికి మొహమాటపడకు.

ఐదేళ్ళప్పుడు నువ్వు బొమ్మ బస్సు స్టీరింగ్ ఊడదీస్తే తిట్టాను, గుర్తుందా? "తిప్పితే చక్రాలు తిరగవు, మరి ఎందుకు పెట్టారు?" అని ఏడుస్తూనే అడిగావు. నా దగ్గర జవాబు లేదు.

ఫైలు గురించి నాకేమీ చెప్పకు. నిద్ర పట్టకపోతే మాత్రం ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

నీ పెదనాన్న