క్లయింటు చూసే డ్యాష్‌బోర్డుకి లైసెన్సు డబ్బు మీరెందుకు కట్టాలి?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఉద్యోగం మానేసి ఏడాదిన్నరగా ఇంటి నుంచే డేటా ఎనాలిసిస్ చేస్తున్నారు. ఆరుగురు క్లయింట్లు, ఒక్కొక్కరు నెలకు 15,000 ఇస్తారు, అంటే 90,000. ఇంటి లోన్ ఈఎంఐ 22,000. మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్ బీఐ అనే సాఫ్ట్‌వేర్‌లో డ్యాష్‌బోర్డులు (లెక్కలన్నీ చార్టులుగా ఒకే తెర మీద చూపించే రిపోర్టులు) చేసి ఇన్నాళ్లూ ‘పబ్లిష్ టు వెబ్’ లింకులే వాట్సాప్‌లో పంపుతున్నారు. ఇప్పుడొక క్లయింటు లాగిన్ ఉండాల్సిందే అన్నారు. తనకొకటి, క్లయింటుకి ముగ్గురు చొప్పున 18, మొత్తం 19 ప్రో (పవర్ బీఐలో డబ్బు కట్టి వాడే ప్లాన్) లైసెన్సులు ఏడాదికి ఒకేసారి కట్టి తీసుకోమని, అవి అమ్మే ఏజెంటు చెప్పాడట. ఎఫ్‌డీ బ్రేక్ చేసి కట్టేయనా, లేక ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ టాబ్లోకి మారనా అని అడిగారు.

ఎఫ్‌డీ ముట్టుకోకండి. లైసెన్సుల సంగతి తర్వాత, ముందు ఇవాళే ఆ లింకులు తీసేయండి. పబ్లిష్ టు వెబ్ అంటే తాళం లేని గది. లింకు ఎవరి చేతికి వెళ్తే వాళ్లు చూడొచ్చు, ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లకి కూడా దొరకొచ్చు. మీ క్లయింట్లలో మందుల హోల్‌సేల్ ఆయన ఉన్నారన్నారు కదా, ఏ షాపు ఎంత బాకీ ఉందో ఆయన పోటీదారుడు చూస్తే మీకు పోయేది 15,000 కాదు, పేరు. పవర్ బీఐ సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ ఎంబెడ్ కోడ్స్’ అని ఉంటుంది, అక్కడికెళ్లి ఒక్కొక్కటీ డిలీట్ చేయండి. రెండు రోజులు పీడీఎఫ్ పంపినా ఎవరూ ఏమీ అనరు.

ఇక లెక్క. పవర్ బీఐ ప్రో 2025 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకు 14 డాలర్లు, అంతకుముందు 10 ఉండేది. రూపాయల బిల్లు కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ డాలరు 90 అనుకుని చూద్దాం: 1,260, దానిమీద 18 శాతం జీఎస్టీ, దాదాపు 1,487. అలాంటివి 19 అంటే నెలకు 28,000 పైన, ఏడాదికి 3 లక్షల 39 వేలు. ఈఎంఐ కన్నా ఎక్కువ! సంపాదనలో మూడో వంతు సాఫ్ట్‌వేర్‌కే పోతే ఉద్యోగం మానేసి లాభమేముంది? టాబ్లోకి మారినా తగ్గదు. తయారుచేసే మీకు క్రియేటర్ లైసెన్సు 75 డాలర్లు, చూసే ఒక్కొక్కరికి 15, మొత్తం నెలకు 345 డాలర్లు. ప్రోలో ఇదే పని 266కి అవుతోంది. పైగా ఉన్న డ్యాష్‌బోర్డులన్నీ మళ్లీ మొదటి నుంచి తయారుచేయాలి.

ఏజెంటు లెక్క తప్పు కాదు. ప్రో వర్క్‌స్పేస్‌లో (రిపోర్టులు పెట్టి పంచుకునే ఆన్‌లైన్ ఫోల్డరు లాంటిది) పెట్టిన రిపోర్టు చూడాలంటే చూసేవాళ్లకి కూడా ప్రో ఉండాలి, అది నిజమే. కానీ ఆ లైసెన్సులు మీ పేరున ఉండాలని ఎక్కడా లేదు, అతను చెప్పనిది అదే. మీరు మీకొక్కటి కొనుక్కోండి, ఏడాదికి 18,000 లోపు. మీకు మైక్రోసాఫ్ట్ వర్క్ ఖాతాలున్న క్లయింట్లు ముగ్గురు కదా, వాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: మీ దగ్గర ఏ మైక్రోసాఫ్ట్ 365 ప్లాన్ ఉంది? ఈ5 అయితే ప్రో అందులోనే వస్తుంది, పైసా అదనంగా అక్కర్లేదు. లేకపోతే వాళ్ల పేరు మీదే కొనమనండి, మీరు గెస్టుగా (బయటి సంస్థ మనిషిగా) పిలిస్తే వాళ్ల ప్రోతోనే మీ వర్క్‌స్పేస్ చూడొచ్చు. ఒక్కో క్లయింటు దగ్గర చూసే ముగ్గురికి కలిపి నెలకు 4,500 లోపే, వ్యాపారం నడిపేవాళ్లకి అది పెద్ద మొత్తం కాదు.

ఇందులో జీఎస్టీ సంగతి కూడా ఉంది. మీ ఆదాయం ఏడాదికి 10.8 లక్షలు, సేవలకి 20 లక్షల పరిమితి దాటలేదు కాబట్టి మీరు రిజిస్టర్ కాలేదు, మీరు కట్టే ఆ 18 శాతం తిరిగి రాదు. అదే బిల్లు మందుల ఆయన జీఎస్టీ నంబరు మీద ఉంటే ఆయన ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటారు, అంటే ఆ పన్నుని తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుంటారు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మీరు ప్రిజంప్టివ్ పద్ధతిలో (ఖర్చుల లెక్క చూపకుండా) సగం ఆదాయాన్ని లాభంగా చూపిస్తున్నానన్నారు, కాబట్టి లైసెన్సుల ఖర్చు చూపించి పన్ను తగ్గించుకునే వీలూ లేదు. ఖర్చుల్లో రాసుకుందాంలే అనుకుని ఏజెంటు మాట నమ్మి ముందుకెళ్లకండి.

మిగతా ముగ్గురూ జీమెయిల్ వాడతారన్నారు. జీమెయిల్‌తో నేరుగా పవర్ బీఐ ఖాతా తెరవలేరు, మీరే గెస్టుగా పిలిచి మీరే లైసెన్సు ఇవ్వాల్సొస్తుంది, ఖర్చంతా మళ్లీ మీ నెత్తినే. వీళ్లకి గూగుల్ వాళ్ల డ్యాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్ లుకర్ స్టూడియో చాలు. చేసేవాళ్లకీ చూసేవాళ్లకీ ఉచితం, డేటా ఎలాగూ గూగుల్ షీట్లలోనే ఉంది. మూడు డ్యాష్‌బోర్డులు మళ్లీ చేయాలి, ఓ రెండు వారాంతాల పని. షేర్ చేసేటప్పుడు మాత్రం ‘లింకున్న ఎవరైనా’ అని పెట్టకుండా మనిషి మనిషికీ మెయిల్ ఐడీ వేసి ఇవ్వండి, లేకపోతే పాత కథే.

ఇంకో రెండు చోట్ల కాలు జారే ప్రమాదం ఉంది. ప్రీమియం పర్ యూజర్ అని 24 డాలర్ల లైసెన్సు చూపిస్తారు, మీరొక్కరు కొంటే సరిపోతుందన్నట్టు వినిపిస్తుంది. ఆ వర్క్‌స్పేస్‌లో పెట్టినవి చూడాలంటే క్లయింట్లకి కూడా అదే ఉండాలి.

రెండోది, నా దగ్గర డబ్బు ప్లానింగ్ చేయించుకునే ఒక అబ్బాయికి జరిగింది. ఇద్దరు డీలర్లకి ఒకే రిపోర్టు చేసి, ఎవరి వరసలు వాళ్లకే కనిపించేలా రో లెవెల్ సెక్యూరిటీ పెట్టాడు. తన ల్యాప్‌టాప్‌లో టెస్ట్ చేస్తే బాగానే ఉంది. వర్క్‌స్పేస్‌లో మాత్రం వాళ్లని ‘వ్యూయర్’గా కాకుండా ‘మెంబర్’గా చేర్చాడు. మెంబర్‌కి ఆ అడ్డు పనిచేయదు. ఒకాయన భోజనాల దగ్గర ఫోన్ తీసి చూస్తే పక్క డీలర్ అమ్మకాలు వరసగా కనిపించాయి! ఇద్దరూ వెళ్లిపోయారు. ఆ నెల అతని ఈఎంఐ ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి కట్టాం. అందుకే క్లయింటుకొక వర్క్‌స్పేస్ విడిగా పెట్టండి, ప్రోలో దానికి అదనంగా డబ్బు లేదు, పేరు ఎదురుగా ‘వ్యూయర్’ అనే ఉందో లేదో కళ్లారా చూసుకోండి.

మీ ఒక్క లైసెన్సు కూడా మొదటి మూడు నెలలూ నెలవారీ ప్లాన్‌లోనే తీసుకోండి. ఏడాది ఒప్పందం కన్నా 20 శాతం ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. ఏడాదికి ఒప్పుకుంటే మొదటి 7 రోజులు దాటాక రద్దు చేయలేరు, ఈలోపు ఎంతమంది క్లయింట్లు సొంతంగా కొంటారో మీకు తేలుతుంది. కొననన్నవాళ్లకి వచ్చే నెల ఇన్‌వాయిస్‌లో ‘డ్యాష్‌బోర్డు లైసెన్సులు’ అని 4,500 వేరే లైనులో వేసి పంపండి, మీ 15,000లో కలపకండి.