సమాధానం: అప్‌డేట్ తర్వాత ఓబీఎస్‌లో పాత థీమ్ కనిపించకపోవడం

అప్‌డేట్ చేశాక మీ పాత థీమ్ (ప్రోగ్రామ్ రంగులు, రూపం) కనిపించడం లేదని అడిగారు. అది పాడవలేదు. వీడియో రికార్డింగ్‌కూ ప్రత్యక్ష ప్రసారానికీ వాడే ఓబీఎస్ స్టూడియో, 2024లో వచ్చిన 30.2 వెర్షన్‌తో థీమ్‌ల పద్ధతినే మార్చింది. పాత థీమ్‌లు ఉండే క్యూఎస్ఎస్ (.qss) ఫైళ్లను ఇప్పుడది చదవదు. వాటిని సరిదిద్దే ప్రయత్నం మానేయండి, కొత్తగా రాసుకోవడమే తేలిక.

ఫైల్ మెనూలో 'షో సెట్టింగ్స్ ఫోల్డర్' నొక్కండి. తెరుచుకున్న చోట 'థీమ్స్' ఫోల్డర్ లేకపోతే మీరే సృష్టించండి. ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే యామీ అనే థీమ్‌కు ఉన్న వేరియంట్లలో (రూపభేదాల్లో) ఒకదాని ఫైలును (పేరు చివర .ovt ఉంటుంది) అందులోకి కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పైభాగంలో ఉన్న పేరునూ (name) ఐడీనీ (id) తప్పకుండా మార్చాలి. మీ ఐడీ, అసలు ఫైలు ఐడీ ఒకటే అయితే మీది జాబితాలోకి రాకపోవచ్చు. 'ఎక్స్‌టెండ్స్' (extends) వరుసను మాత్రం ముట్టుకోవద్దు, మీ ఫైలును యామీకి కలిపేది అదే.

దాని కింద వేరియబుల్స్‌గా, అంటే ఒక్కోదానికీ పేరు పెట్టి, రంగులుంటాయి. ఒక్కో బటన్‌కూ విడిగా రంగు వేయనక్కర్లేదు. విండో నేపథ్యం, అక్షరాలు, ప్రధాన రంగు, ఈ మూడూ మారిస్తే చాలావరకు రూపం మారిపోతుంది. చీకటి వేదిక పక్కన కూర్చుంటారని రాశారు కాబట్టి తెల్లని అక్షరాలను కాస్త బూడిద రంగుకు దించండి, కళ్లకు ఎంతో హాయి. ఓబీఎస్‌ను మళ్లీ తెరిచి సెట్టింగ్స్‌లోని అప్పియరెన్స్‌లో థీమ్‌గా యామీని, స్టైల్‌గా మీరు ఫైలులో పెట్టిన పేరును ఎంచుకోండి.

ఆడియో మీటర్లలో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియడం లేదన్నారు కదా, దానికి థీమ్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ పేజీ తెరిచి, వేరే రంగులు వాడే ఎంపికను టిక్ చేయండి. వర్ణాంధత ఉన్నవారి కోసం సిద్ధంగా ఒక అమరిక అక్కడే ఉంది.