గాజుల రసీదు ఇంకా మీ బీరువాలోనే ఉంది

కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం సారాంశం: మా అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. గంజాయికి అలవాటు పడ్డాడని నాకు ఆరు నెలల ముందే తెలిసినా, మావారు కోపిష్టి కావడంతో దాచాను. వాడు బాకీపడిన 40 వేలు నా రెండు గాజులు తాకట్టు పెట్టి తీర్చాను. ఆ సంగతి ఇప్పటికీ ఆయనకు తెలియదు. కాలేజీవాళ్లు పిలిపించడంతో అలవాటు సంగతి బయటపడింది. ఒక ప్రైవేటు కేంద్రంలో 45 రోజులు ఉంచి ఇంటికి తెచ్చి మూడు వారాలైంది. ఆయన వాడితో మాట్లాడటం లేదు. వాడికి తెల్లవారుజామున మూడింటి దాకా నిద్ర పట్టడం లేదు. శ్రావణంలో మా అమ్మాయికి పెళ్లిచూపులు. అవి అయ్యేదాకా వాడిని హనుమకొండలో మా అన్నయ్య దగ్గర ఉంచడం మంచిదేనా?

అమ్మా,

హనుమకొండ పంపకండి. మేనమామ ఎంత మంచివారైనా, చికిత్స నుంచి వచ్చి నెల కూడా తిరగని పిల్లవాడిని పెళ్లివారి కంటపడకుండా ఊరు దాటించారంటే, ఎందుకు పంపారో మీరు చెప్పకపోయినా వాడికి అర్థమవుతుంది. అక్క పెళ్లిచూపుల రోజున వచ్చినవారికి మంచినీళ్లు అందించాల్సినవాడు వాడే. వియ్యాలవారితో ఈ విషయం చెప్పాలా వద్దా అంటారా, మాట ఖాయమయ్యే ముందు మీ అమ్మాయిని అడిగి, ఆమె సరేనంటే చెప్పండి. మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇంతే.

నిద్ర గురించి భయపడకండి, అలాగని ఊరుకోకండి. రోజూ గంజాయి తాగినవారు మానేశాక చిరాకు, చెమటలు, ఆకలి లేకపోవడం చాలావరకు రెండు వారాల్లో తగ్గుతాయి కానీ, నిద్ర కుదుటపడటానికి కొందరికి అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది. కాబట్టి మూడింటికి వాడి గదిలో లైటు వెలుగుతోందంటే మళ్లీ మొదలుపెట్టాడనే అనుకోనక్కర్లేదు. దాన్ని డాక్టరుకు చెప్పండి, వాడి తువ్వాలు వాసన చూడటం మాత్రం మానుకోండి. మీ అన్నయ్యగారు సూచించిన మూత్ర పరీక్ష కిట్టు కూడా రహస్యంగా వాడే వస్తువు కాదు. ఎక్కువ కాలం తాగినవారిలో, మానేసిన తర్వాత కూడా కొన్ని వారాల పాటు దాని ఆనవాళ్లు మూత్రంలో కనిపించవచ్చు. నిజంగానే మానేసిన పిల్లవాడిని ఆ ఒక్క కిట్టు దొంగను చేయగలదు.

ఇక అసలు విషయానికి వస్తాను. తండ్రీకొడుకుల మౌనం గురించి మీరు ఒకటిన్నర పేజీ రాశారు. ఆయన ప్రతి ఉదయం కొక్కేనికి ఉన్న చొక్కా జేబులోంచి నోట్లు తీసి, వాడు వినేలా లెక్కపెట్టి, మళ్లీ జేబులో పెట్టుకుంటారని రాశారు. వాడి కంచం మీరే గదిలోకి తీసుకెళ్తున్నారు. నాన్న ఏమన్నారని వాడూ, వాడేం చేస్తున్నాడని ఆయనా మిమ్మల్నే అడుగుతున్నారు. ఇదంతా చదివాక కూడా, మీరు ఒక్క వాక్యంలో దాటేసిన చోటే నా చూపు ఆగిపోయింది: వాడు ఏడో తరగతిలో లెక్కల్లో తప్పినప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద ఆయన సంతకం మీరే పెట్టారు.

ఆయన కోపిష్టే కావచ్చు, నేను కాదనడం లేదు. అయితే ఆ కోపానికి భయపడి ఏళ్ల తరబడి మీరు కొడుకుతో ఒక జట్టు కట్టి, భర్తను ఆ జట్టుకు బయట నిలబెట్టారు. నాన్నకు తెలియకుండా అమ్మ సర్దేస్తుందన్న ధైర్యం వాడికి గంజాయి కంటే ముందే అలవాటైంది. మీ చేతికి మట్టిగాజులే మిగిలాయని వాడికి తెలుసు, మీవారికి తెలియదు. కట్టుకున్నవాడికి తెలియని సంగతి 17 ఏళ్ల కొడుక్కి తెలిసిన ఇంట్లో, తండ్రి నోరు తెరిచినా ఆ మాటకు ఏం బరువుంటుంది? నా మాట కటువుగా ఉంటే మన్నించండి. మీరు బిడ్డను కాపాడుతున్నానని అనుకున్నన్నాళ్లూ కాపాడింది మీ ఇంటి ప్రశాంతతను మాత్రమే, అదీ అప్పు చేసి.

ఇందులో వైద్యం సంగతి కూడా ఉంది. గంజాయి మాన్పించడానికంటూ ఇంతవరకు ఆమోదం పొందిన మందు లేదు. నిద్రకో, దిగులుకో డాక్టరు మందులు రాస్తే రాయవచ్చు కానీ, అసలు చికిత్స కౌన్సెలింగే, అందులోనూ ఇంత చిన్న వయసువారికి తల్లిదండ్రులతో కలిపి కూర్చోబెట్టి చేసేదే. మీరు పంపిన కేంద్రంలో 45 రోజులూ మిమ్మల్ని కలవనివ్వలేదని, ఫోను కూడా ఇవ్వలేదని రాశారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మానసిక చికిత్సా సంస్థలో మైనరును చేర్చుకుంటే అక్కడ ఉన్నన్నాళ్లూ అయినవారో, వారు నియమించిన సహాయకులో పక్కనే ఉండాలి. మళ్లీ అలాంటి చోటికి పంపకండి. ఎర్రగడ్డ అనగానే మన ఊళ్లో జనం నవ్వే వెకిలి నవ్వు నాకు తెలియనిది కాదు, అయినా చెబుతున్నాను, అక్కడి ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో మత్తు అలవాట్లకు చికిత్స ఉంది. ఓపీకి ముగ్గురూ కలిసి వెళ్లండి. అర్ధరాత్రి మనసు ఆగకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైను 14446.

ఈ జవాబు మీవారు కూడా చదివేలా చూడండి, ఆయనకు చెప్పాల్సింది ఉంది. అయ్యా, మిమ్మల్ని మోసం చేశారన్న బాధ న్యాయమైనదే. కానీ ఆ నోట్ల లెక్క ఆపండి. డబ్బు బయట ఉంచకపోవడం మంచిదే, దాన్ని చప్పుడు లేకుండా తాళం వేసి పెట్టుకోవచ్చు. రోజూ వినిపించేలా లెక్కపెట్టడం జాగ్రత్త కిందికి రాదు, అది శిక్ష. ప్రభుత్వ ఆసుపత్రికి వెళితే పేరు పోలీసులకు చేరుతుందన్నది మీ భయమని మీ భార్య రాశారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. తనంతట తానుగా ప్రభుత్వ కేంద్రంలోనో, గుర్తింపు పొందిన కేంద్రంలోనో చికిత్స చేయించుకునే బాధితుడికి, వాడకానికి సంబంధించిన కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ అది. వాడి కంచం రేపటి నుంచి మీ పక్కన ఉండాలి. మాటలు రాకపోతే కూర వడ్డించండి, ప్రస్తుతానికి అది చాలు.

వాడు మళ్లీ ఒకసారి తాగే అవకాశం ఉంది. ఇంత చిన్న వయసులో అలా జారడం అరుదేమీ కాదు. అప్పుడు ఎవరు ఏం చేయాలో, ముందుగా ఎవరికి చెప్పాలో, ఎన్ని రోజుల్లో డాక్టరు దగ్గరికి వెళ్లాలో వాడిని కూడా కూర్చోబెట్టుకుని ఇప్పుడే అనుకోండి. అందులో నాన్నకు చెప్పకుండా అనే మాట ఎక్కడా ఉండకూడదు. పరీక్షల బెంగ ఇప్పుడు వద్దు, ఈసారి పోతే సప్లిమెంటరీ ఉంది.

అమ్మా, ముందు మీ పని. ఈ ఆదివారం మీ అమ్మాయినీ అబ్బాయినీ బయటికి పంపి, చీర మడతలో దాచిన ఆ తాకట్టు రసీదు తీసి ఆయన చేతిలో పెట్టండి. ఆయన అరుస్తారు, అరవనివ్వండి. ఆ అరుపు మీకు రావలసింది, ఇన్నాళ్లూ దాన్ని వాడి మీదికి మళ్లించారు. ప్రోగ్రెస్ కార్డు సంగతి కూడా అప్పుడే చెప్పేయండి. మళ్లీ ఇంకో ఆదివారం దాకా మిగల్చకండి.