ఇన్హేలర్ మందు కణం లోపలికి పోకుండానే లోపలి ప్రోటీన్‌ను ఎలా ఆన్ చేస్తుంది?

ఉబ్బసం ఇన్హేలర్‌లో ఉండే సాల్బుటమాల్ మందు కణం పైనున్న గ్రాహకాన్నే (మందును పట్టుకునే ప్రోటీన్‌నే) కదా పట్టుకునేది, మరి లోపల ఎక్కడో ఉన్న ప్రోటీన్ కైనేజ్ ఎ, అంటే వేరే ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము, ఎలా ఆన్ అవుతుందని అడిగారు. మాది కందుకూరు పక్కన పల్లె, ఇంటి వెనకే పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్, నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. అందుకే బీఎస్సీలో ఈ పాఠం వచ్చినప్పుడు మిగతావాళ్ళు నిద్రపోయినా నేను పోలేదు.

మందు అతుక్కోగానే గ్రాహకం ఆకారం మారుతుంది, దాంతో పొర లోపలి వైపున్న జి ప్రోటీన్ కదిలి అడినైలైల్ సైక్లేజ్ అనే ఎంజైమును పురిగొల్పుతుంది, అది కణానికి శక్తినిచ్చే ఏటీపీని సైక్లిక్ ఏఎంపీ అనే, కబురు మోసే చిన్న అణువుగా మారుస్తుంది. కాలేయం మీద అడ్రినలిన్ ఎలా పనిచేస్తుందో వెతుకుతూ అమెరికా శాస్త్రవేత్త ఎర్ల్ సదర్లాండ్ పట్టుకున్నది ఈ సైక్లిక్ ఏఎంపీనే, 1971లో నోబెల్ వచ్చింది. అసలు కిటుకు ఇక్కడుంది. కైనేజ్ ఎ అప్పటికప్పుడు పుట్టేది కాదు, కణంలో ముందే ఉంటుంది, కాకపోతే పనిచేసే రెండు ముక్కల్ని ఇంకో రెండు ముక్కలు పలుపేసినట్టు పట్టుకుని ఉంటాయి. ఆ పట్టుకున్న వాటి మీద నాలుగు సైక్లిక్ ఏఎంపీలు వచ్చి కూర్చుంటే పట్టు సడలుతుంది, పలుపు విప్పిన గిత్తల్లా పనిచేసే ముక్కలు బయటపడతాయి. అవి కండరాన్ని బిగించే ఎంజైముకు ఫాస్ఫేట్ తగిలించి దాని జోరు తగ్గిస్తాయి, శ్వాసనాళం వదులవుతుంది, పిల్లికూతలు ఆగుతాయి. అంటే మందు కైనేజ్‌ను అసలు తాకనే తాకదు.

ఆయాసం వస్తే మా అమ్మమ్మ చిక్కటి కాఫీ తాగించేది, నేను నవ్వేవాణ్ణి. తర్వాత తెలిసింది, కెఫీన్‌కు దగ్గరి చుట్టమైన థియోఫిలిన్ ఉబ్బసం మాత్రల్లోనే ఉందని. అది సైక్లిక్ ఏఎంపీని విరగ్గొట్టే ఎంజైమును కొంత అడ్డుకుంటుంది, అంటే వేరే దారిలో వచ్చి అదే కైనేజ్ దగ్గరికి చేరుతుంది. కాఫీ బలం మాత్రం చాలా తక్కువ, దాన్ని నమ్ముకుని ఇన్హేలర్ మానేయొద్దు.

ఇంకోటి, ఒక ఏడాది ఆకు కాల్చే సీజన్లో మా నాయనకు సాయంగా బ్యారన్ దగ్గరే ఉండి, రోజుకు ఎన్నిసార్లు పఫ్ కొట్టానో లెక్కే లేదు. చేతులు వణికేవి, ఊపిరి మాత్రం ముందులా వదులయ్యేది కాదు. పదేపదే మందు తగిలితే గ్రాహకానికే ఫాస్ఫేట్లు అంటుకుని జి ప్రోటీన్‌తో సంబంధం తగ్గిపోతుంది, కొన్ని గ్రాహకాలు పొర మీద నుంచి లోపలికి పోతాయి కూడా. ఫాస్ఫేట్ అంటించే వాటిలో ఈ కైనేజ్ ఎ కూడా ఒకటి, చూడండి విడ్డూరం. ఒంగోలు డాక్టరు తిట్టి రోజువారీ స్టెరాయిడ్ ఇన్హేలర్ మొదలుపెట్టించాకే ఆ పఫ్‌లు తగ్గాయి.